సంబంధమున్నది, సన్నిధి ఎక్కడ?

శ్రీ గురుభ్యో నమః.

ఉపనిషత్తు, ఉపాసన, ఉపనయనము, ఉపవాసము. ఈ నాలుగు పదములకును మొదట 'ఉప' అను ఉపసర్గ ఉన్నది. దాని అర్థము 'దగ్గర'. గురువు దగ్గర కూర్చుండి పొందు విద్య ఉపనిషత్తు. దైవము దగ్గర కూర్చుండుట ఉపాసన. వటువును ఆచార్యుని దగ్గరకు చేర్చుట ఉపనయనము. భగవంతుని దగ్గర వసించుట ఉపవాసము. మన పూర్వులు తమకు అత్యంత ప్రియములైన విషయములకు పేర్లు పెట్టునపుడు సామీప్యమునే ప్రమాణముగా గ్రహించిరి.

ఈనాడు మనుష్యునకు సంబంధములు పెరిగినవి, సామీప్యము తరిగినది. ఆ తరుగుదలను గూర్చి ఆలోచించుటకు నేనిచ్చట ఆధారముగా తీసికొన్నది పురాణగాథ కాదు, అమెరికాదేశపు ఒక పాటల సంపుటి. ఆలయార్చకుడు రాక్ సంగీతమును గూర్చి వ్రాయుటేమని భక్తులలో కొందరికి విస్మయము కలుగవచ్చును. వ్యాధిని సరిగా గుర్తించినవాని మాట ఏ భాషలో నున్నను వినదగినదే. ఔషధమును గూర్చి మాత్రము మన శాస్త్రమునే అడుగవలెను.

ఆ సంపుటి పేరు 'ది సాఫ్ట్‌వేర్ స్లంప్'. 'గ్రాండాడీ' అను ఇండీ రాక్ బృందము దీనిని 2000 సంవత్సరమున వెలువరించినది. మా ప్రాంతమునుండి వెళ్లి విదేశమున సాఫ్ట్‌వేర్ ఉద్యోగము చేయుచున్న ఒక యువకుడు సెలవులకు వచ్చినపుడు దీనిని వినిపించి, ఒక్కొక్క పాటకు తెలుగున అర్థము చెప్పి, "ఈ దుఃఖమునకు మన శాస్త్రములో చోటున్నదా పంతులుగారూ?" అని అడిగెను. తొలికృతి ఫలించిన పిదప రెండవ కృతి నీరసపడుటను గూర్చి ఆంగ్లమున ఒక నానుడి కలదట. దానిని సాఫ్ట్‌వేర్ అను మాటతో కలిపి చమత్కరించిన పేరు ఇది. ఇది ఆ బృందమునకు రెండవ సంపుటియే.

ఆ బృందపు స్వస్థలము కాలిఫోర్నియా రాష్ట్రమునందలి మోడెస్టో. అది కాలువల నీటితో పంటలు, తోటలు పండు వ్యవసాయసీమ. ప్రపంచమునకు కంప్యూటర్లనిచ్చిన సిలికాన్ లోయ అచ్చటికి రెండు గంటల ప్రయాణదూరముననే ఉన్నది. సాగర్ ఎడమకాలువ నీటితో వరి పండించు మన మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములకు హైదరాబాదు ఎట్లో, వారికి ఆ లోయ అట్లు. పొలమున నిలిచి, తన పిల్లలను తీసికొనిపోవు నగరము వైపు చూచువారి చూపు ఆ పాటలయందున్నది. రచయితయు గాయకుడును అగు జేసన్ లైటిల్ ఒక పల్లెటి ఇంటిలో చాలవరకు తానొక్కడే కూర్చుండి దీనిని ధ్వనిముద్రణము చేసెను. చివ్వెంలలో నుండి వినువానికి ఇది పరదేశపు గానమైనను పరాయి దుఃఖము కాదు.

ఆ సంపుటియందు మూడు పాటలు నా మనస్సున నిలిచినవి.

మొదటిది 'జెడ్ ది హ్యూమనాయిడ్'. కొందరు తమ వంటగదిలో దొరికిన వస్తువులను జోడించి మనుష్యాకారముగల ఒక యంత్రమును చేసి, దానికి జెడ్ అని పేరు పెట్టుదురు. అది నడచును, పాడును, ఆలోచించును, సమస్యలను పరిష్కరించును. కొంతకాలము అందరును దానిని ఆదరింతురు. తరువాత క్రొత్త యంత్రములు వచ్చును, చేసినవారి దృష్టి వానిపైకి మరలును. ఉపేక్షితమైన జెడ్ ఇంటిలోని మద్యమును త్రాగి, గడగడలాడి ఆగిపోవును. అది జీవించినపుడు పద్యములు వ్రాసెనని మరియొక పాటలో తెలియును.

రెండవది 'మైనర్ ఎట్ ది డయల్-ఎ-వ్యూ'. దూరలోకమున గనిలో పనిచేయు ఒక శ్రామికుడు ఒక దర్శనయంత్రము ముందు నిలిచి, తాను విడిచివచ్చిన ఇంటిని అందులో చూచుకొనును. ఈ పాట వచ్చిన 2000 సంవత్సరమున వీడియో కాల్ సామాన్యులకు అందుబాటులో లేదు.

మూడవది విరిగిన గృహోపకరణములన్నియు పోగుపడి అరణ్యమైన చోటును గూర్చినది. పారవేసిన యంత్రముల నడుమ అడవి పెరుగును, జంతువులు వానియందు నివసించును.

సాధారణముగా యంత్రమును నిందించు రచనలు అది దుష్టమనియు, మనుష్యుడు దాని చేత చిక్కిన అమాయకుడనియు చెప్పును. ఈ పాటలు అట్లు చెప్పలేదు. ఇచ్చట యంత్రమే అనాథ. దానిని చేసి విడిచినవాడు మనుష్యుడు. ఈ దృష్టి అర్చకునకు సుపరిచితమైనది. శిలను తెచ్చి, అధివాసములు జరిపి, ప్రాణప్రతిష్ఠ చేసినంతనే పని ముగిసినదని ఏ ఆగమమును చెప్పదు. ప్రతిష్ఠ చేసినవాడు నిత్యార్చనకు బద్ధుడు. ధూపదీపనైవేద్యములు లోపించినచో దానికి ప్రాయశ్చిత్తము కలదు, సంప్రోక్షణము కలదు. దేనికి ప్రాణము పోసితిమో దానికి మనము ఋణపడితిమి. ఆవాహనము చేసిన దైవమును కలశమునుండి పంపునపుడును ఉద్వాసనమను విధి ఉన్నది. పిలుచుటకును సాగనంపుటకును మన సంప్రదాయమున మర్యాద కలదు. విజయదశమినాడు కంప్యూటరుకు కుంకుమబొట్టు పెట్టి ఆయుధపూజ చేయుచున్న మనము, మరుసటి ఏడు దానిని చెత్తకుప్పకు చేర్చునపుడు ఒక నమస్కారమైనను చేయుచున్నామా? వస్తువుల విషయమున అలవడిన ఈ నిర్లక్ష్యము మెల్లగా మనుష్యుల వైపునకును ప్రాకుచున్నది. జెడ్ కథ విన్నపుడు నాకు లోహపు బొమ్మ కంటె, పిల్లలను చదివించి పంపి వసారాలో కూర్చున్న ముసలితండ్రులే ముందుగా స్ఫురించిరి.

ఇక ఆ గనిశ్రామికుని సంగతి. అతడు మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలనుండి డాలస్‌కును సిడ్నీకిని వెళ్లిన బిడ్డలకు ప్రతిరూపము. ప్రతి ఆదివారమును ఫోనుతెరపై తల్లిని చూచును. తల్లియు అతనిని చూచును. ఇది పాపమని నేననను, నిజమునకు ఇది ఉపకారము. పూర్వము కాశీకి వెళ్లినవాని క్షేమము తెలియక ఏండ్లు గడిపిన తల్లులుండిరి. ఆలయముల విషయమునను అంతే. తిరుమల తిరుపతి దేవస్థానముల భక్తి ఛానల్ 2008లో ప్రారంభమైనప్పటినుండి, కొండ యెక్కలేని వృద్ధులెందరో మంచముననుండియే స్వామివారి కల్యాణోత్సవమును చూచుచున్నారు. వారి కన్నీటిని తక్కువ చేయుటకు నేనెవడను?

అయినను ఒక విషయము చెప్పక తప్పదు. యంత్రము మనలను విడదీయుచున్నదని లోకము అనును. నా అభిప్రాయమున, ఉన్న ఎడబాటును అది కనబడనీయకుండ కప్పుచున్నది, ప్రమాదమంతయు అందున్నది. కుమారుడు దూరమున నున్నాడను వెలితి తల్లికి ప్రతిదినమును తెలిసినచో, అది ఒకనాడు ఇద్దరిలో ఒకరిని కదలించును. ప్రతి ఆదివారము అరగంట చిత్రముతో ఆ వెలితి పూడినట్లు తోచినచో, కదలిక ఉండదు. ఏండ్లు గడచును. సంబంధము తెగలేదని ఇరువురును సత్యమే పలుకుదురు. సన్నిధి మాత్రము ఏనాడో పోయినదని ఇరువురికిని తెలియదు. ఆకలి తెలియనీయక కడుపును మభ్యపెట్టు పదార్థము అన్నముకంటె అపాయకరము.

ఈ కారణముచేతనే మన కర్మకాండయందు సంకల్పమునకు ప్రథమస్థానము. నీవెవరవు, ఏ గోత్రమువాడవు అని చెప్పుటకు పూర్వమే, నీవెక్కడ నున్నావో, ఏ ద్వీపమున, ఏ వర్షమున, ఏ నదుల నడుమ నిలిచితివో పలుకవలెను. అమెరికాలో కర్మలు చేయించు తెలుగు పురోహితులు జంబూద్వీపమునకు బదులు క్రౌంచద్వీపమని పలుకుట ఈ నియమమును పాటించుటకే. తెర ముందు కూర్చున్నవానికి 'ఇక్కడ' అను స్పృహయే మొదట నశించును. అతడు అక్కడను లేడు, ఇక్కడను లేడు.

విదేశమునుండి కొందరు, ఆబ్దికమునకు సొమ్ము పంపెదము, తాము తెరపై చూచెదమని అడుగుచుందురు. వారికి నా సమాధానమొక్కటే. మీరున్న చోటనే స్నానమాచరించి, ఆ దేశమునే సంకల్పమున చెప్పుకొని, మీ చేతితో తిలోదకము విడువుడు. కావలసినచో మంత్రమును నేను ఫోనున చెప్పెదను. మంత్రశబ్దమును యంత్రము మోయగలదు. మీ చేయి చేయవలసిన క్రియను అది మోయలేదు.

ఇంతవరకు ఆ సంపుటితో నాకు ఏకీభావమే. ఇక భేదమును చెప్పెదను.

పాట వినినవానికి, యంత్రయుగమునకు పూర్వము మనుష్యుడు ఒంటరివాడు కాడని భ్రమ కలుగవచ్చును. ఆ సంపుటిలోనే మరియొక పాటలో, నిర్మలమైన ఒక సరస్సును విడిచి నగరమునకు వచ్చినవాడు, దానిని విడువకుండవలసినదని చింతించును. మన ఊరి చెరువును తలచుకొనువారందరిదియు అదే చింత. కాని చెరువుగట్టున కూర్చున్నవాడు ఒంటరితనమెరుగడా? బృహదారణ్యకోపనిషత్తు ప్రథమాధ్యాయము, చతుర్థబ్రాహ్మణమును చూడుడు. సృష్ట్యాదియందు ఒక్కడుగా నున్న ఆ పురుషుడు భయపడెనట. తనకంటె అన్యము లేనప్పుడు దేనివలన భయమని విచారింపగా ఆ భయము తొలగెను. అయినను ఒంటరిగా అతనికి ఆనందము కలుగలేదు, రెండవదానిని కోరెను. యంత్రములు లేవు, నగరములు లేవు, రెండవ ప్రాణియే లేదు. ఒంటరితనము అప్పుడే ఉన్నది. ఎంత నిర్భీకముగా చెప్పినదో చూడుడు ఆ శ్రుతి! రెండవది లేకున్న ఆనందము లేదు, రెండవది వచ్చినచో భయము వచ్చును. ఈ చిక్కుముడి సృష్టితోడనే పుట్టినది.

అందుచేత ఫోనును పారవేసినంతనే వియోగము తీరదు. కురుక్షేత్రమున పదునెనిమిది అక్షౌహిణుల నడుమ, బంధువుల నడుమ, మిత్రుడే సారథియై యుండగా అర్జునుడు ఒంటరివాడయ్యెను. అతని చేత ఫోను లేదు. అతని ఒంటరితనము శోకముగా బయటపడినందుననే గీత వెలువడినది. దానిని ఏ వినోదముతోనో కప్పుకొని యుండినచో విషాదమున్నను విషాదయోగము కలుగకపోయెడిది.

గీత ఆరవ అధ్యాయమున, దుఃఖముతోడి సంయోగమునకు వియోగమే యోగమని భగవానుడు నిర్వచించెను. జిజ్ఞాసువులు ఈ మాటను నిదానముగా ఆలోచింపవలెను. వియోగములన్నియు విషాదములు కావు. ఏకాకితనము వేరు, ఏకాంతము వేరు. ఆలయమున రాత్రి చివరి సేవకు ఏకాంతసేవయని పేరు. తలుపులు మూయబడును, దీపము తగ్గింపబడును, స్వామి ఒక్కడే ఉండును. అది పరిత్యాగము కాదు, విశ్రాంతి. 2020 మార్చి నుండి కొన్ని మాసములు కరోనా కారణముగా ఆలయములలో భక్తులకు ప్రవేశము లేకపోయెను. అర్చకులు మాత్రము ఏకాంతముగా నిత్యపూజలు జరిపిరి. ఆ మౌనమున పూజ ఖాళీగా నున్నట్లు నాకొకనాడును తోచలేదు. పూజించువాడును పూజ్యుడును అచ్చటనే ఉండిరి. ఎదుట వేయిమంది లేకుండుట వేరు, ఎదుటనున్నదానియందు మనస్సు లేకుండుట వేరు. ఈ రెండవదే అసలైన ఎడబాటు.

ఆ 2020లోనే జేసన్ లైటిల్ ఆ సంపుటిని ఇరవయ్యేండ్ల పిదప మరల పాడెను. పూర్వపు యంత్రధ్వనులను ప్రక్కనబెట్టి, ఒక కొయ్య పియానో ముందు తానొక్కడే కూర్చుండి పాటలన్నియు వినిపించెను. ఇది నాకు చాల నచ్చిన విషయము. పియానోయు యంత్రమే, అందు తీగలును మీటలును సుత్తులును ఉన్నవి. అయినను వ్రేలు తాకిననే అది పలుకును. 'యంత్ర' శబ్దమునకు మూలము 'యమ్' ధాతువు, నియమించుట దాని అర్థము. యమము, నియమము, సంయమము, సారథియను అర్థముగల యంత, ఇవన్నియు దానినుండి వచ్చినవే. శ్రీచక్రమును యంత్రమనుట మనస్సును నియమించుటచేతనే. కావున యంత్రము దుష్టమా శిష్టమా అని అడుగుట కంటె, ఎవరు ఎవరిని నియమించుచున్నారని అడుగవలెను. గీత చివరి అధ్యాయమున, ఈశ్వరుడు సర్వభూతములను యంత్రముపై ఎక్కించినట్లు మాయచే త్రిప్పుచున్నాడని చెప్పి, వెంటనే ఆయననే శరణు పొందుమని ఉపదేశింపబడినది. త్రిప్పువానిని ఎరిగినవానికి తిరుగుడు బంధము కాదు.

ఇక మన ఇంటి లోపమును కూడ చెప్పుకొనవలెను. అమెరికావాని పాటను విని తల పంకించి ఊరకుండినచో ఫలమేమి? అనేకాలయములలో ఇప్పుడు ఒక యంత్రము వచ్చినది. మీట నొక్కిన గంటలు, డోలు, తాళములు ఒక్కసారిగా వాటంతట అవే మ్రోగును. హారతి ముగియగానే మీట నొక్కిన ఆగును. మా ఆలయమునకును ఒక దాత దీనిని సమర్పింతునని ముందుకు వచ్చెను. ఆ భక్తుని సద్భావమునకు నమస్కరించి, వలదని చెప్పితిని.

దీనికి ఎదురుగా చెప్పువారి వాదము బలహీనము కాదు. చిన్న ఊళ్ల గుళ్లలో సాయంకాలము హారతికి ఎవరును రారు. అర్చకుడు ఒకచేత గంట, ఒకచేత హారతి పట్టుకొని నిలుచును, డోలు కొట్టువాడు లేడు. యంత్రమున్నచో స్వామికి నాదోపచారమైనను లోపింపదు కదా అని వారందురు. నా ఉత్తరమిది. డోలు మ్రోగకుండుటవలన స్వామికి కలుగు లోపము స్వల్పము. డోలు కొట్టుటకు ఊరిలో ఎవరును రాలేదను సంగతి ఊరికి తెలియకుండుటవలన కలుగు లోపము మహత్తరము. ఆ నిశ్శబ్దము వినబడినచో, దారిన పోవువాడెవడైనను ఒకనాడు, గుడిలో డోలు ఏల మ్రోగుట లేదని అడుగును. యంత్రము మ్రోగుచున్నంతకాలము ఆ ప్రశ్న పుట్టదు. ఊరంతయు గుడిలో ఉన్నట్లే చప్పుడగును, గుడిలో ఒక్కడే ఉండును. పాటలలోని ఆ గనిశ్రామికుని దర్శనయంత్రమునకును దీనికిని భేదము నాకు కనబడుట లేదు.

శబ్దమునకు మనుష్యుని చేయి ఎందుకని అడుగువారు మనకు సమీపముననున్న పిల్లలమర్రికి వెళ్లుడు. కాకతీయుల సామంతులైన రేచర్ల ప్రభువుల కాలపు నామేశ్వరాలయమున తట్టిన స్వరము పలుకు శిలాస్తంభము ఉన్నది. శతాబ్దములనుండి అది అచ్చటనే నిలిచియున్నది, చేయి తగిలిననే పలుకును. లేదా మన చివ్వెంల మండలములోనే, దురాజ్‌పల్లి పెద్దగట్టుపై రెండేండ్లకొకసారి జరుగు లింగమంతులస్వామి జాతరను తలచుకొనుడు. 2025 ఫిబ్రవరి 16 నుండి ఐదు దినములు జరిగినది. కేసారమునుండి దేవరపెట్టెను ఊరేగింపుగా గట్టుకు తెత్తురు. భేరీలు మ్రోగుచుండ, గజ్జెలు ఘల్లుమనుచుండ, లక్షలమంది ఒక్క కంఠముతో లింగనామము నినదింతురు. అచ్చటి వారందరి చేతులయందును ఫోనులున్నవి. అయినను ఆ ఘోషలో నిలిచినవానికి తాను ఒంటరియను స్పృహ కలుగదు. ఫోను లేకుండుట దానికి కారణము కాదు. కాలినడకన, ఎండలో, భుజము భుజము రాచుకొనుచు తానే వచ్చి నిలిచినాడు కనుక.

వేదాధ్యయనమునందును ఇదే రహస్యమున్నది. వేదపఠన సంప్రదాయమును యునెస్కో 2003లో మానవజాతి మౌఖికవారసత్వపు మహాకృతిగా ప్రకటించినది. ఆ సంప్రదాయమున గురువు ఎదుట కూర్చుండి సంథ చెప్పించుకొనవలెను. గురువు ఒకసారి పలికిన శిష్యుడు మరల పలుకును. స్వరము తప్పినచో గురువు చూపే దిద్దును. నేడు సమస్తవేదమును ధ్వనిముద్రణములందు వినవచ్చును. అవి ఎన్నిసార్లైనను విసుగక పలుకును. మనము తప్పు పలికినను అవి తమ పాటికి తాము పలుకుచునే ఉండును. మన తప్పును వినగలవాడు మన దగ్గర ఉండుటయే సన్నిధి.

కనుక సాధకులకు నా మనవి స్వల్పము. యంత్రములను విడువుమని నేననను. ఈ వ్యాసమును మీరు చదువుచున్నదియు యంత్రమునందే. దినమునకు ఒక కార్యమైనను, అది చిన్నదైనను, యంత్రమునకు అప్పగింపక మీ చేతితో, మీ నోటితో, ఎదుటివారి ఎదుట చేయుడు. పంచమహాయజ్ఞములలో మనుష్యయజ్ఞమనగా అతిథికి అన్నము పెట్టుట. దానిని తెరపై చేయుటకు వీలులేదు. దూరముననున్న తల్లిదండ్రులకు ఫోను చేయుడు. ఫోను పెట్టివేసిన తరువాత మిగులు వెలితిని మాత్రము వేరొక చిత్రముతో నింపకుడు. దానితో కొంతసేపు కూర్చుండుడు. అది మిమ్ములను ప్రయాణమునకు పురికొల్పవచ్చును, లేక విచారణకు పురికొల్పవచ్చును. రెండును శ్రేయస్కరములే. ఆ వెలితిని వినిపించినందుననే ఆ దూరదేశపు గాయకుడు నాకు ఆదరణీయుడు.

మీ ఊరి గుడిలో డోలు, గంట ఉన్నచో, ఈ సాయంకాలము హారతివేళకు వెళ్లి వానిని మీ చేతితో మ్రోగింపుడు. తాళము తప్పినను స్వామి ఏమియు అనుకొనడు.

స్వస్తి.